కళాశాల పరిశోధన డేటాకు ప్రణాళిక వేయడం ఎలా

కళాశాలలో పరిశోధన డేటా నిర్వహణ అనే మాట రాగానే ముందుగా సర్వర్ కొనాలన్న ప్రతిపాదన వస్తుంది. ఆ వెంటనే మరో సంస్థ పత్రాన్ని చూసి రాసుకున్న విధానమొకటి పాలకమండలి ఆమోదం పొంది వెబ్‌సైటులోకి చేరుతుంది. డేటా మాత్రం ఎప్పటిలాగే స్కాలర్ల ల్యాప్‌టాపుల్లో, పెన్‌డ్రైవుల్లో, సొంత ఈమెయిల్ ఖాతాల్లో ఉండిపోతుంది. ఈ క్రమాన్ని తిరగవేయాలి. కళాశాలలో ఏ డేటా ఉందో, అది ఎవరి దగ్గర ఏ స్థితిలో ఉందో ముందుగా తెలుసుకోవాలి. దాని బాధ్యత ఎవరిదో ఆ తర్వాత తేల్చుకోవాలి. నిబంధనలు రాయడం, నిల్వకు పరికరాలు కొనడం వాటి వెనకాల రావాలి.

ప్రణాళికలోని ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు. స్కాలర్ పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాక, ఆయన ఫోను నంబరు కూడా ఎవరి దగ్గరా లేనప్పుడు, అదే విభాగంలో కొత్తగా చేరినవారు ఆ డేటాను వెతికి పట్టుకుని, తెరిచి, అర్థం చేసుకుని వాడుకోగలరా? ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 2014లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 1991 నుంచి 2011 వరకు వెలువడిన 516 జీవశాస్త్ర వ్యాసాల రచయితలను వారి డేటా అడిగి చూసింది. వ్యాసం పాతబడే కొద్దీ, డేటా ఇంకా మిగిలి ఉండే అవకాశ నిష్పత్తి ఏడాదికి 17 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. రచయితల ఈమెయిల్ చిరునామాలు పనిచేయకపోవడం, డేటా ఉన్న పాత డిస్కులు పోవడం లేదా వాటిని చదివే యంత్రాలు లేకపోవడం వంటి చాలా మామూలు కారణాలే ఇందులో ఎక్కువ. ఎవరూ దాచిపెట్టకుండానే డేటా పోతుంది కాబట్టి, దాన్ని నిలిపే పనిని ఎవరి మంచితనానికీ వదిలేయకుండా సంస్థే తలకెత్తుకోవాలి.

ఉన్నదేమిటో చూడడం

సర్వే ఫారం పంపి ఊరుకుంటే వచ్చే సమాధానాలు తక్కువగానూ, వచ్చినవి పైపైనగానూ ఉంటాయి. ఒక్కొక్క పరిశోధన బృందం దగ్గరకు వెళ్లి, వారు పనిచేసే గదిలోనే అరగంట కూర్చుని, "ఈ ప్రాజెక్టు ఫైళ్లు ఒకసారి తెరిచి చూపిస్తారా" అని అడగడం ఎంతో మేలు. తెరపై ఫోల్డరు తెరుచుకున్న క్షణంలోనే, ఫారంలో ఎవరూ రాయని విషయాలు బయటపడతాయి: ఒకే పట్టిక ఐదు పేర్లతో ఉండడం, పరికరం నుంచి వచ్చిన మూల ఫైలు మీదనే సవరణలు చేసి ఉండడం, ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసి ఉండడం.

అడగవలసినవి కొన్నే. ఏ రకమైన డేటా తయారవుతోంది, ఎంత పరిమాణంలో, ఎక్కడ ఉంది, ఇంకెవరు తెరవగలరు, మనుషుల వ్యక్తిగత వివరాలు అందులో ఉన్నాయా, నిధులిచ్చిన సంస్థ లేదా భాగస్వామ్య ఒప్పందం పెట్టిన షరతులేమిటి, ప్రాజెక్టు ముగిశాక ఏది మిగలాలి. భాషా సాహిత్యాలు, చరిత్ర, సామాజిక శాస్త్రాల వారిని "మీ దగ్గర డేటా ఉందా" అని అడిగితే లేదనే అంటారు. అదే "మీరు రికార్డు చేసిన ఇంటర్వ్యూలు, తీసిన ఫోటోలు, స్కాన్ చేసిన రాతప్రతులు, చేత్తో రాసుకున్న నోట్సు ఎక్కడ ఉన్నాయి" అని అడిగితే అలమారాల నిండా ఉన్న సంపద కనిపిస్తుంది. ప్రయోగశాల నోటుపుస్తకాలు, కాగితంపై నింపిన ప్రశ్నావళులు కూడా ఈ లెక్కలోకి రావాలి.

ఫలితాన్ని ప్రాజెక్టుకు ఒక వరుస చొప్పున ఒక పట్టికలో పెట్టుకుంటే చాలు. ఒకే ఒక్క ప్రతి ఉన్నవి, త్వరలో వెళ్లిపోతున్నవారి చేతిలో ఉన్నవి, పాత పరికరాల్లో చిక్కుకున్నవి ఏవో ఆ పట్టికే చెబుతుంది. ప్రణాళిక పూర్తయ్యేదాకా ఆగకుండా వీటికి ఆ వారమే రెండో ప్రతి తీయించాలి.

బాధ్యతలు పంచడం

చిన్న కళాశాలలో ఈ పనికి ప్రత్యేక విభాగం సాధ్యం కాకపోవచ్చు, అవసరం కూడా ఉండకపోవచ్చు. ఉన్నవారి మధ్యనే పనిని స్పష్టంగా పంచాలి. డేటాను వర్ణించడం, వర్గీకరించడం, దీర్ఘకాలం నిలిపి ఇతరులకు అందించే రిపాజిటరీ (డేటా భాండాగారం) ఎంపికలో సలహా ఇవ్వడం గ్రంథాలయానికి సహజంగా నప్పే పనులు. నిల్వ, లాగిన్లు, బ్యాకప్, భద్రత కంప్యూటర్ విభాగానివి. నిధుల షరతులను ముందుగా చదివి చెప్పవలసింది పరిశోధన కార్యాలయం. మనుషులకు సంబంధించిన డేటా విషయంలో నైతికతా కమిటీ మాటే తుది మాట. రోజువారీ క్రమశిక్షణ మాత్రం గైడుది, స్కాలరుది; ఎంత పెద్ద సహాయక బృందం ఉన్నా ఆ పని వారి తరఫున ఎవరూ చేయలేరు.

వీరందరినీ కలిపే సమన్వయకర్త ఒకరు ఉండాలి. ఇక్కడే చాలా ప్రణాళికలు కుంటుపడతాయి. లైబ్రేరియన్‌కు "అదనపు బాధ్యత" అని ఒక ఉత్తర్వు ఇచ్చి, ఉన్న పనిలో దేన్నీ తగ్గించకపోతే ఆ ఉత్తర్వుకు విలువ ఉండదు. వారానికి ఎన్ని గంటలు ఈ పనికి కేటాయిస్తున్నారో, ఆ మేరకు ఏ పని నుంచి విముక్తి ఇస్తున్నారో ఉత్తర్వులోనే రాయాలి. సర్వర్ ఖర్చు మీద జరిగే చర్చలో సగమైనా ఈ గంటల మీద జరగాలని నా గట్టి అభిప్రాయం. సంప్రదించవలసిన ఈమెయిల్ కూడా వ్యక్తి పేరుతో కాక పదవి పేరుతో ఉండాలి, మనిషి మారినా చిరునామా మారకూడదు.

ఇదే దశలో తేల్చుకోవలసిన చిక్కు ప్రశ్న ఒకటుంది: డేటా ఎవరిది? కళాశాలదా, స్కాలర్‌దా, నిధులిచ్చినవారిదా, ఒప్పందం చేసుకున్న పరిశ్రమదా? సమాధానం చట్టాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. మూల ప్రతి కళాశాలలో ఉండాలనీ, వెళ్లే స్కాలర్ తన పనికి సంబంధించిన నకలును షరతులకు లోబడి తీసుకువెళ్లవచ్చుననీ చేరిన రోజునే రాసి సంతకాలు తీసుకుంటే, తర్వాత వచ్చే మనస్తాపాలు చాలావరకు తప్పుతాయి.

విధాన పత్రం

రెండు పేజీలు చాలు. ఏది పరిశోధన డేటా కిందికి వస్తుంది, ఎవరి బాధ్యత ఏది, ఎక్కడ దాచాలి, ఎంతకాలం ఉంచాలి, ఎప్పుడు బయటకు ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు, సందేహం వస్తే ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉంటే సరిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఫైలు పేర్లు ఎలా ఉండాలి వంటి మారిపోయే వివరాలను వేరే సూచనల పత్రంలో పెట్టాలి. లేకపోతే ప్రతి చిన్న మార్పుకూ పాలకమండలి చుట్టూ తిరగవలసి వస్తుంది.

కళాశాల నియమాలు బయటి నియమాల కంటే సడలి ఉండకూడదు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 నుంచి ప్రతి దరఖాస్తుతో పాటు డేటా నిర్వహణ ప్రణాళికను అడుగుతోంది. అక్కడి వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ 2023 జనవరి నుంచి నిర్వహణతో పాటు పంచుకోవడానికీ ప్రణాళిక కోరుతోంది. జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డిఎఫ్‌జి సాధారణంగా 10 ఏళ్లు డేటాను భద్రపరచమంటుంది. తమకు నిధులిచ్చే సంస్థలు ఏం అడుగుతున్నాయో చూసి, వాటిలో అన్నిటికంటే కఠినమైన షరతును కళాశాల తన కనీస ప్రమాణంగా పెట్టుకుంటే, ఒక్కొక్క ప్రాజెక్టుకు ఒక్కొక్క పద్ధతి పాటించే గందరగోళం ఉండదు.

2016లో ప్రచురితమైన ఫెయిర్ సూత్రాలు ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న కొలబద్ద. డేటా వెతికితే దొరకాలి, అందుబాటులో ఉండాలి, ఇతర డేటాతో కలిసి పనిచేయాలి, మళ్లీ వాడుకునే వీలుండాలి అని వాటి సారం. వీటికి అర్థం అన్నీ బహిరంగం చేయమని కాదు. తాళం వేసిన డేటా కూడా, అది ఉన్నదని నలుగురికీ తెలిసి, ఏ షరతు మీద ఎవరిని అడిగితే చూడనిస్తారో స్పష్టంగా ఉంటే, ఈ సూత్రాలకు లోబడినట్లే. ఆదివాసీ, స్థానిక సముదాయాల గురించిన డేటా ఉంటే 2019లో వచ్చిన కేర్ సూత్రాలను కూడా చదవాలి; ఆ డేటా వల్ల ఎవరికి మేలు, దానిపై ఎవరికి అధికారం అనే ప్రశ్నలను అవి ముందుకు తెస్తాయి.

ప్రాజెక్టు మొదట్లోనే ఒక పేజీ

సహాయం ఎప్పుడు అందుతుందన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది. థీసిస్ సమర్పించే నెలలో డేటా గురించి అడిగితే జరిగేది హడావుడిగా సర్దడమే. అందుకే డేటా ప్రణాళికను పరిశోధనకు నమోదు చేసుకునేటప్పుడే, సినాప్సిస్‌తో పాటు, ఒక పేజీ మించకుండా అడగాలి. ఏ డేటా సేకరిస్తారు, ఏ ఫార్మాటులో, ఎక్కడ దాస్తారు, బ్యాకప్ ఎవరు చూస్తారు, వ్యక్తిగత వివరాలు ఉంటే ఏం చేస్తారు, చివరకు ఏ రిపాజిటరీకి వెళుతుంది అన్న ఆరు ప్రశ్నలకు సూటి జవాబులు అందులో ఉండాలి. ఏటా జరిగే ప్రగతి సమీక్షలో గైడు, స్కాలరు ఆ పేజీని మళ్లీ చదివి, మారినవి దిద్దాలి. దీనికి మార్కులు వేయడం, తిరస్కరించడం మొదలుపెడితే అది మరో లాంఛనంగా మారిపోతుంది. సమన్వయకర్త దాన్ని చదివి రెండు పనికొచ్చే సలహాలు రాసి పంపితే, స్కాలర్ తర్వాతి సందేహానికి తనంతట తానే వస్తారు.

నిల్వ, బ్యాకప్

ఇప్పుడు మాత్రమే పరికరాల మాట ఎత్తాలి. పనిలో ఉన్న డేటాకూ, పని ముగిసిన డేటాకూ అవసరాలు వేరు. మొదటిదానికి బృందమంతా తెరిచి సవరించుకోగల ఉమ్మడి ఫోల్డరు, ఎవరికి ఎంత అనుమతి ఉందో చెప్పే జాబితా, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే సౌకర్యం కావాలి. రెండోది మార్చడానికి వీల్లేకుండా, ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండాలి. అందుకు ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే అంకెల ముద్రను లెక్కకట్టి దాచి, అప్పుడప్పుడు సరిపోల్చి చూడాలి. ఒక్క బిట్ మారినా ముద్ర మారిపోతుంది.

బ్యాకప్‌కు 3-2-1 అనే సూత్రం బాగా నిలిచింది: 3 ప్రతులు, 2 వేర్వేరు రకాల మాధ్యమాల్లో, వాటిలో కనీసం 1 వేరే భవనంలో లేదా వేరే ఊరిలో. క్లౌడ్ ఫోల్డరు సమకాలీకరణను బ్యాకప్ అనుకోవడం ప్రమాదం, ఎందుకంటే ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది. పెద్ద సంస్థలకు కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటర్ నిల్వలో, బ్యాకప్ ప్రోగ్రాములోనే వచ్చిన లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల డేటా, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. 14 పరిశోధన బృందాలు నష్టపోగా, కొన్నింటి డేటాను తిరిగి తేవడం సాధ్యం కాలేదు. కాబట్టి బ్యాకప్ జరిగిందన్న సందేశాన్ని నమ్మి ఊరుకోకుండా, ఆరు నెలలకొకసారైనా ఏదో ఒక ఫోల్డరును ఎంచుకుని, బ్యాకప్ నుంచి దాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చి, తెరిచి చూడాలి. ఆ పరీక్ష తేదీ, ఫలితం నమోదు కావాలి.

వివరణ లేని డేటా

నా దృష్టిలో ప్రణాళిక మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే, సాధారణంగా తక్కువ శ్రద్ధ దక్కేదీ ఇదే. ఒక సర్వే పట్టికను దగ్గరగా చూద్దాం. "వయసు" అనే నిలువు వరుసలో 34, 51, 27 మధ్య అక్కడక్కడా 99 ఉంది. సేకరించినవారికి అది "చెప్పడానికి ఇష్టపడలేదు" అనే సంకేతం. వారు వెళ్లిపోయాక వచ్చినవారికి అది తొంభై తొమ్మిదేళ్ల వృద్ధులు. సగటు తీస్తే వయసు అమాంతం పెరుగుతుంది, ఆ తప్పు ఎవరి కంటా పడదు. పక్క వరుసలో "ఎత్తు" అని ఉంది, 1.62, 158, 170 అని అంకెలున్నాయి. కొందరిది మీటర్లలో, కొందరిది సెంటీమీటర్లలో రాశారు. మరో వరుస శీర్షిక "ప్ర7బి". ఆ ప్రశ్నావళి కాగితం దొరకకపోతే ఆ వరుసకు అర్థమే లేదు.

దీనికి మందు డేటా నిఘంటువు. పట్టికలోని ప్రతి నిలువు వరుసకు పేరు, అర్థం, కొలమానం, ఏయే విలువలు రావచ్చు, ఖాళీకి అర్థమేమిటి, జవాబు రాని చోట ఏ సంకేతం వాడారు అన్నవి ఒక వరుసలో రాయడమే అది. దానితో పాటు ప్రతి ప్రాజెక్టు ఫోల్డరులో రీడ్‌మీ అనే సాదా టెక్స్ట్ ఫైలు ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పరికరంతో, ఏ పద్ధతిలో సేకరించారు, ఏ ఫైలులో ఏముంది, మూల డేటాపై ఏ మార్పులు ఏ క్రమంలో చేశారు అన్నవి ఒక పేజీలో రాయాలి. మూల డేటా ఫోల్డరు చదవడానికి మాత్రమే తెరుచుకునేలా పెట్టి, సవరణలన్నీ నకలు మీదనే చేయాలి.

ఫైలు పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో 2025-03-15 అని రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో వరుసకడతాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అనే పేర్లకు బదులు వెర్షన్ సంఖ్య ఇవ్వాలి. స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములు తమంతట తాము చేసే మార్పులపై ఒక కన్నేసి ఉంచాలి. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ మార్చి ఒకటో తేదీగా మార్చేస్తుండడంతో, మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే కమిటీ అటువంటి పేర్లనే మార్చవలసి వచ్చిందని 2020లో లోకానికి తెలిసింది. దీర్ఘకాలం నిలవాలంటే పట్టికలకు సీఎస్‌వీ, చిత్రాలకు టిఫ్, పత్రాలకు పీడీఎఫ్-ఎ వంటి, ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడని ఫార్మాట్లు మేలు. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగల యూనికోడ్ అనే అక్షర ప్రమాణంలో లేని పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాలుంటే, ఆ ఫాంటు పనిచేస్తున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, మూల ఫైలును కూడా అట్టే పెట్టాలి.

మనుషుల వివరాలు ఉన్నప్పుడు

పేర్లు తీసేస్తే సరిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది, అది నిలవదు. 1990లలో అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్త లతాన్యా స్వీనీ, పేర్లు తొలగించి ఇచ్చిన ఆరోగ్య రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి, తపాలా కోడు, పుట్టిన తేదీ, లింగం అనే మూడు వివరాలతోనే మాసచూసెట్స్ గవర్నర్ రికార్డును గుర్తించారు. చిన్న ఊరిలో చేసిన సర్వేలో వృత్తి, వయసు రెండూ కలిసినా మనిషి ఎవరో తెలిసిపోవచ్చు. పుట్టిన తేదీకి బదులు వయోవర్గం, ఊరికి బదులు జిల్లా వంటి మార్పులు చేయాలి. పేర్లకూ సంకేత సంఖ్యలకూ ముడిపెట్టే జాబితాను డేటాతో కలపకుండా వేరే చోట, పాస్‌వర్డ్ లేనివారు చదవలేని రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్‌తో దాచాలి. క్షేత్రానికి వెళ్లే ల్యాప్‌టాపులన్నిటికీ డిస్క్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేయాలి.

సమ్మతి పత్రం దగ్గర జరిగే పొరపాటును తర్వాత దిద్దలేము. "ఈ వివరాలను పరిశోధన ముగియగానే నాశనం చేస్తాము" అని అలవాటుగా రాసేస్తే, గుర్తింపు తొలగించిన డేటాను కూడా ఎవరితోనూ పంచుకోవడానికి హక్కు ఉండదు. ఏది, ఏ రూపంలో, ఎవరికి, ఎంతకాలం అందుబాటులో ఉండవచ్చో పాల్గొనేవారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి అనుమతి తీసుకునేలా, నైతికతా కమిటీయే నమూనా పత్రాన్ని తయారుచేసి ఇవ్వాలి.

బయటకు ఇవ్వడం

కళాశాల సొంత రిపాజిటరీ కట్టుకోవాలన్న కోరిక సహజమే కానీ, దాన్ని ఏళ్ల తరబడి నడిపే సిబ్బంది లేకపోతే తొందరపడకపోవడం మంచిది. ముందు ఆ శాస్త్రానికి అంతర్జాతీయంగా స్థిరపడిన రిపాజిటరీ ఉందేమో రీత్రీడేటా అనే సూచికలో వెతకాలి. లేకపోతే, యూరప్ అణుపరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో వంటి సాధారణ రిపాజిటరీలు ఉన్నాయి. అందులో చేర్చడానికి రుసుము లేదు, చేర్చిన ప్రతి డేటాకూ డీఓఐ అనే శాశ్వత సంఖ్య వస్తుంది. పరిశోధకులందరి చేతా పరిశోధకుడిని గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ సంఖ్య తీయించి డేటాకు జతచేయిస్తే, ఒకే పేరున్న ఇద్దరి పని కలగలిసిపోదు. వాడుకునే షరతులు చెప్పే లైసెన్సు తప్పక ఇవ్వాలి, అది లేని డేటాను వాడుకోవచ్చో లేదో ఎవరికీ తెలియదు. క్రియేటివ్ కామన్స్ సంస్థ రూపొందించిన వాటిలో మూల కర్తను పేర్కొనమనే సీసీ-బై గానీ, హక్కులన్నీ వదులుకునే సీసీ-జీరో గానీ ఎక్కువ సందర్భాలకు సరిపోతాయి. ఎక్కడ చేర్చినా, ఆ డేటా వివరాలు, డీఓఐ కళాశాల గ్రంథాలయ జాబితాలో ఉండాలి.

శిక్షణ, వెళ్లేనాటి అప్పగింత

ఏడాదికొకసారి పెద్ద సదస్సు పెట్టడం కంటే, కొత్త స్కాలర్లకు తమ సొంత ఫోల్డరు తెచ్చుకుని కూర్చుని సర్దుకునే రెండు గంటల తరగతి ఎక్కువ ఫలితమిస్తుంది. గైడులకు వేరుగా, క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే వారు అడగని పని స్కాలర్ చేయరు. వచ్చిన ప్రతి సందేహాన్నీ సమన్వయకర్త రాసి ఉంచితే, మరుసటి ఏడాది ఏ అంశం మీద తరగతి పెట్టాలో, ఏ సౌకర్యానికి డబ్బు అడగాలో ఆ పుస్తకమే చెబుతుంది.

గ్రంథాలయానికి బాకీ లేదన్న నో డ్యూస్ పత్రం అడిగే చోటే, డేటా అప్పగింత గడి కూడా ఉండాలి. డేటా ఎక్కడ ఉంది, రీడ్‌మీ ఉందా, లాగిన్లు ఎవరికి బదిలీ అయ్యాయి, ఏవి గోప్యం అన్నవి రాసి, గైడుగానీ విభాగంలోని మరొకరుగానీ ఆ ఫైళ్లను తమ కంప్యూటర్‌లో తెరిచి చూశాకే సంతకం చేయాలి. తెరవకుండా చేసిన సంతకంతో ఈ గడి పెట్టిన ప్రయోజనం పోతుంది.

భద్రపరిచే గడువు ముగిసిన డేటాను ఏటా ఒకసారి జాబితా తీసి, ఉంచాలా తొలగించాలా అన్నది విభాగంతో కలిసి నిర్ణయించాలి. మళ్లీ సేకరించడానికి వీల్లేని పరిశీలనలు, ఒకనాటి వాతావరణ కొలతలు, ఇప్పుడు లేని మనుషుల ఇంటర్వ్యూలు వంటివి గడువుతో నిమిత్తం లేకుండా ఉంచదగినవి. ప్రోగ్రాము మళ్లీ నడిపితే తిరిగి వచ్చే మధ్యంతర ఫలితాలను నిశ్చింతగా తీసేయవచ్చు. తొలగించినప్పుడు బ్యాకప్ ప్రతులు కూడా పోయాయో లేదో చూడాలి. ఎవరి ఆమోదంతో, ఏ తేదీన, ఏ పద్ధతిలో తొలగించారో నమోదు చేయాలి. డీఓఐ ఇచ్చిన డేటా అయితే దాని వివరాల పేజీని మాత్రం తీయకూడదు. ఆ సంఖ్యను తమ వ్యాసంలో ఉదహరించినవారి పాఠకులు ఎప్పుడు వచ్చినా, అక్కడ ఏ డేటా ఉండేదో, ఎందుకు తొలగించారో, ఎవరిని అడగాలో ఆ పేజీలో కనిపించాలి.